కూలీల కాగితం చదివిన పాదిరి: దీనబంధు ఆండ్రూస్

మనలో చాలామందిమి విమానం ఎక్కే ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టి వచ్చినవాళ్లమే. కొందరం చదివి పెట్టాం, కొందరం ఏజెంటు వేలు చూపించిన చోట పెట్టేశాం. ఇక్కడ దిగాక ఆ కాగితంలో లేని సంగతులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. శుక్రవారాల్లో మన వేదిక దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటి కథ అక్కడే మొదలవుతుంది.

ఈ గొడవ మనతో పుట్టింది కాదు. నూరేళ్లకు పైగా వెనక్కి వెళితే, మన తెలుగువాళ్లు, తమిళులు, బిహారీలు ఇలాంటి కాగితం మీదే వేలిముద్ర వేసి ఓడలెక్కారు. ఆ కాగితం చేత పట్టుకుని, ఇందులో రాయకుండా దాచింది ఏమిటని ప్రభుత్వాలను నిలదీసినవాళ్లలో ఒకాయన ఇంగ్లీషువాడు, పైగా పాదిరి. పేరు చార్లెస్ ఫ్రీర్ ఆండ్రూస్. ఈ ఏడాది సంచికలో ఆయన జీవితం చెప్పుకుందాం. మన వేదికలో హిందువులం, ముస్లింలం, క్రైస్తవులం అందరం ఉన్నాం. ఎవరి మతాన్నీ పెద్ద చేయడానికి ఇది రాయడం లేదు. ప్రభుత్వం బాధ్యత ఎంతవరకు అనే ప్రశ్నకు ఆయన తన మతంలోంచి వెతుక్కున్న జవాబు మనందరికీ పనికొచ్చేదని రాస్తున్నాం.

తండ్రి నేర్పిన పాఠం

ఆండ్రూస్ 1871 ఫిబ్రవరి 12న ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో పుట్టారు, బర్మింగ్‌హామ్‌లో పెరిగారు. తండ్రి ఒక చిన్న క్రైస్తవ శాఖలో బోధకుడు. రాజ్యం దేవుడు ఏర్పాటు చేసింది, బ్రిటిష్ సామ్రాజ్యం కూడా అందులో భాగమే అన్నది ఆ ఇంట్లో నమ్మకం. దానికి బైబిల్లో ఆధారంగా చూపే చోటు ఒకటుంది. పౌలు రోమీయులకు రాసిన పత్రికలో 13వ అధ్యాయం అధికారం దేవుని వల్ల కలిగిందని, దానికి లోబడాలని చెబుతుంది. అదే అధ్యాయంలో, పాలకుడు జనం మేలు కోసం పెట్టిన సేవకుడని కూడా ఉంది. మొదటి మాట ఒక్కటే పట్టుకుంటే ప్రజలకే బాధ్యత, సర్కారుకు ఏమీ ఉండదు. రెండో మాట కూడా కలిపి చదివితే సర్కారు కూడా జవాబు చెప్పుకోవాల్సిందే. క్రైస్తవుల్లో ఈ రెండు రకాలవాళ్లూ మొదటినుంచీ ఉన్నారు. ఆండ్రూస్ మొదటి మాటతో పెరిగి, రెండో మాట దగ్గరికి వచ్చిన మనిషి.

కేంబ్రిడ్జిలో పెంబ్రోక్ కాలేజీలో చదివి, గురువుగా అభిషేకం పొంది, లండన్‌లో పేదల పేటలో కొన్నాళ్లు పనిచేశారు. 1904లో ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి వచ్చారు. అక్కడ ప్రిన్సిపాల్ పదవి ఖాళీ అయినప్పుడు దాన్ని ఇంగ్లీషువాడికి కాకుండా సుశీల్ కుమార్ రుద్రకు ఇవ్వాలని పట్టుబట్టారు. ఆ కాలేజీకి మొదటి భారతీయ ప్రిన్సిపాల్ ఆయనే.

డర్బన్ రేవులో

1913 చివర్లో దక్షిణాఫ్రికాలో మనవాళ్ల సమ్మె జరుగుతోంది. నటాల్‌కు 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా చెరకు తోటలకు కూలీలు పోయారు. వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. ఒప్పందం ముగిశాక అక్కడే ఉండదలచుకున్నవాడు ఏటా 3 పౌండ్ల పన్ను కట్టాలని చట్టం చేశారు. మగవాడే కాదు, భార్య కూడా కట్టాలి, ఎదిగిన పిల్లలూ కట్టాలి. కట్టలేకపోతే మళ్లీ ఒప్పందం రాసుకోవాలి, లేదంటే ఇంటికి పోవాలి. పన్ను పేరుతో మనిషిని మళ్లీ కాడికి కట్టే ఏర్పాటు అది.

గోఖలే కోరగా ఆండ్రూస్, తన మిత్రుడు పియర్సన్‌తో కలిసి 1914 జనవరిలో డర్బన్‌లో దిగారు. రేవులో గాంధీగారు ఎదురొచ్చారు. ఆండ్రూస్ వంగి ఆయన పాదాలు తాకారు. తెల్లపాదిరి ఒక నల్లవాడి కాళ్లు ముట్టుకోవడం అక్కడి తెల్లవాళ్లకు మింగుడుపడలేదు.

అక్కడే ఇంకో సంగతి జరిగింది. ఆండ్రూస్ ఒక చర్చిలో ప్రసంగించారు. విందామని గాంధీగారు వెళితే రంగు చూసి గుమ్మం దగ్గరే వెనక్కి పంపేశారు. ఆండ్రూస్‌కు ఈ సంగతి తర్వాత తెలిసింది, జీవితాంతం ఆయన్ను బాధపెట్టింది. చట్టమే మనుషుల్ని రంగును బట్టి విడదీస్తే గుడి కూడా అదే పని చేస్తుందని ఆయనకు అక్కడ అర్థమైంది.

జనరల్ స్మట్స్‌తో గాంధీగారి చర్చల్లో ఆండ్రూస్ మధ్యవర్తిగా తిరిగారు. ఆ రోజుల్లోనే ఇంగ్లండు నుంచి తల్లి పోయిందన్న కబురు వచ్చింది. కడసారి చూపు దక్కలేదు. ఈ బాధ ఏమిటో మనకు వేరే చెప్పనక్కర్లేదు. ఫోనులో కబురు విని, సెలవు దొరక్క, క్యాంపు గదిలో గోడవైపు తిరిగి పడుకున్నవాళ్లు మనలోనే ఉన్నారు. ఆ ఏడాదే వచ్చిన చట్టంతో 3 పౌండ్ల పన్ను రద్దయింది. మనవాళ్ల పెళ్లిళ్లకు గుర్తింపు వచ్చింది.

తిరిగొచ్చాక ఆండ్రూస్ టాగూరు గారి శాంతినికేతనంలో చేరారు. కొన్ని మత సూత్రాలకు మనస్సాక్షి ఒప్పక పాదిరి విధులు మానేశారు. క్రీస్తును మాత్రం వదల్లేదు. 1936లో మళ్లీ ఆ విధులు చేపట్టారు.

ఫిజీ: రాయని షరతులు

నటాల్‌లో ఉన్నప్పుడు వీపు మీద దెబ్బలతో, భయంతో ముడుచుకుపోయిన ఒక కూలీని ఆండ్రూస్ చూశారు. 1915లో కలరా వచ్చి కోలుకుంటున్న రోజుల్లో ఆ కూలీ మొహం మళ్లీ కళ్లముందు కనబడిందని, చూస్తుండగానే అది క్రీస్తు మొహంగా మారిందని ఆయన తర్వాత రాసుకున్నారు. ఆకలిగొన్నవాడికి, చెరలో ఉన్నవాడికి చేసింది నాకు చేసినట్టే అన్న అర్థం వచ్చే క్రీస్తు బోధ ఒకటుంది. దాన్ని ఆయన ధర్మకార్యాలకే కాదు, చట్టాలకు కూడా వర్తింపజేశారు. ఆ ఏడాది చివర్లో పియర్సన్‌తో కలిసి ఫిజీ ఓడ ఎక్కారు.

ఫిజీకి 1879 నుంచి 1916 వరకు సుమారు 60,000 మంది భారతీయులు కూలీలుగా వెళ్లారు. 1903 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా పంపడం మొదలైంది. మొత్తంలో దాదాపు నాలుగో వంతు అలా వెళ్లినవాళ్లే. గోదావరి, కృష్ణా, విశాఖపట్నం జిల్లాల జనం అందులో ఉన్నారు. అయిదేళ్ల ఒప్పందం. ఇంగ్లీషులో అగ్రిమెంట్ అన్న మాట కూలీల నోట గిర్మిట్ అయింది. తిరుగు ఓడ ఖర్చు సర్కారు పెట్టాలంటే పదేళ్లు ఉండాలి.

ఆండ్రూస్, పియర్సన్ చెరకు తోటల్లో తిరిగారు. కూలీలతో, సర్దార్లతో, ఓవర్సీర్లతో, అధికారులతో మాట్లాడారు. కూలీ లైన్లలో పాత గదులు 10 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. అందులో ముగ్గురు మగవాళ్లు గానీ ఒక కాపురం గానీ ఉండాలి. ప్రతి 100 మంది మగవాళ్లకు 40 మంది ఆడవాళ్లను పంపితే చాలన్నది సర్కారు పెట్టిన లెక్క. ఆ లెక్కవల్ల కాపురాలు ఎలా కూలాయో, హత్యలు, ఆత్మహత్యలు ఎంతగా పెరిగాయో వాళ్లు చూసి రాశారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది కాగితం సంగతి. మామూలుగా ఒప్పందం తప్పితే డబ్బు తగాదా అవుతుంది, నష్టం కట్టుకుంటారు. ఇక్కడ పనికి రాకపోయినా, ఇచ్చిన పని ముగించకపోయినా అది నేరం. కోర్టు, జరిమానా, జైలు. కూలీ చేతికిచ్చిన కాగితంలో పని గంటలు ఉన్నాయి, కూలి ఉంది, తిండి ఉంది. ఈ శిక్షల సంగతి లేదు. దాని మీద వేలిముద్ర వేయించింది దొంగ ఏజెంటు ఒక్కడే కాదు. మేజిస్ట్రేటు ముందు నమోదైంది, వలసదారుల రక్షణాధికారి అనే ఉద్యోగి సంతకం ఉంది. అంతా చట్టబద్ధమే.

ఆండ్రూస్ పట్టుకున్నది సరిగ్గా ఇక్కడే. చట్టబద్ధం అయినంత మాత్రాన న్యాయం కాదు, సర్కారు ముద్ర పడ్డాక ఆ అన్యాయం ఏజెంటుది కాదు, సర్కారుదే అన్నది ఆయన వాదన. పంపిన ప్రభుత్వం ఓడ ఎక్కించడంతో చేతులు దులుపుకోకూడదు, దించుకున్న ప్రభుత్వం తోట యజమాని మీదకు నెట్టేయకూడదు.

నివేదిక 1916లో అచ్చయింది. ఆ మార్చిలో మదన మోహన మాలవీయ గారు ఈ పద్ధతి రద్దు చేయాలని శాసనమండలిలో తీర్మానం పెట్టారు. వైస్రాయి హార్డింజ్ సూత్రంగా ఒప్పుకున్నారు. అంతటితో అయిపోయిందనుకున్నారు అందరూ. ఇంకా కొన్నేళ్లు కూలీల్ని పంపుతూనే ఉండాలని లోపల అనుకుంటున్నట్టు ఆండ్రూస్‌కు తెలిసింది. మళ్లీ ఊరూరా సభలు, పత్రికల్లో రాతలు. 1917 మార్చిలో కూలీల్ని తీసుకోవడం ఆపేశారు. అదే ఏడాది ఆయన మళ్లీ ఫిజీ వెళ్లారు, ఆస్ట్రేలియాలో జనానికి చెప్పారు. అక్కడి మహిళా సంఘాలు 1918లో తమ తరఫున ఒకామెను ఫిజీ పంపి విచారణ చేయిస్తే ఆండ్రూస్ రాసింది నిజమేనని తేలింది. 1920 జనవరితో మిగిలిన ఒప్పందాలు కూడా రద్దయ్యాయి. దీనబంధు అన్న పేరు ఫిజీ కూలీలు పెట్టిందే అంటారు.

తటస్థం అనే మాట

1921లో అస్సాం తేయాకు తోటల నుంచి వేలమంది కూలీలు కూలి చాలక లేచి సొంత ఊళ్లకు బయలుదేరారు. చాంద్‌పూర్ రేవులో డబ్బు లేక చిక్కుబడిపోయారు. రాత్రిపూట రైల్వే స్టేషన్లో పడుకున్నవాళ్లను గూర్ఖా సిపాయిలతో కొట్టి తరిమారు. కలరా కూడా తగిలింది. ఆండ్రూస్ అక్కడికి పోయి రోగుల మధ్య ఉన్నారు. వీళ్లను ఊరికి చేర్చే ఖర్చు ఇవ్వమని సర్కారును వేడుకున్నారు. ఇది యజమానికీ కూలీకీ మధ్య తగాదా, మేం ఎవరి పక్షమూ తీసుకోం, తటస్థంగా ఉంటాం అన్నది సర్కారు జవాబు. బలవంతుడూ బలహీనుడూ తలపడ్డచోట తటస్థంగా నిలబడడమంటే బలవంతుడి పక్కన నిలబడడమేనని ఆండ్రూస్ గట్టిగా రాశారు. చివరికి జనం చందాలేసి వాళ్లను ఇళ్లకు పంపారు.

నల్లమందు విషయంలోనూ ఆయన మాట అదే. జనాన్ని పాడుచేసే సరుకు అమ్మి ఖజానా నింపుకునే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదని 1920లలో పోరాడారు. సామ్రాజ్యం దేవుడిచ్చిందని విని పెరిగిన మనిషి, కాంగ్రెసు ఇంకా పూర్ణ స్వరాజ్యం అడగకముందే భారతదేశానికి స్వాతంత్ర్యం కావాలని రాశారు. అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు రెండుసార్లు అధ్యక్షులయ్యారు.

ఆయన్ను అందరూ మెచ్చుకోలేదు. ఇక్కడి ఇంగ్లీషువాళ్లలో చాలామంది సొంత జాతికి ద్రోహి అన్నారు. మనవాళ్లలో కొందరు సర్కారు మనిషేమోనని అనుమానపడ్డారు. చేతిలో డబ్బు నిలిచేది కాదు, ఒంటిమీద బట్ట ఎవరికైనా ఇచ్చేసేవారు. 1940 ఏప్రిల్ 5న కలకత్తాలో కన్నుమూశారు. అక్కడి లోయర్ సర్క్యులర్ రోడ్డు శ్మశానంలో సమాధి ఉంది. 1971లో భారత ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ల తెచ్చింది.

మనకు మిగిలింది

గిర్మిట్ పోయింది. వలసదారుల రక్షణాధికారి అన్న హోదా మాత్రం 1983 వలస చట్టంలో ఇంకా ఉంది. మనలో పదో తరగతి పాస్ కానివాళ్లు గల్ఫ్‌కు వచ్చేటప్పుడు ఆ ఆఫీసు అనుమతి తీసుకునే వచ్చాం. ఆనాటి రక్షణాధికారి పేరుకే రక్షకుడు. ఈనాటి అధికారిని నిజమైన రక్షకుడిగా చేసుకోవడం మనం అడిగే తీరు మీద కూడా ఉంటుంది.

ఆండ్రూస్ అడిగిన తీరు మనం నేర్చుకోవచ్చు. ఆయన తిట్టలేదు, కళ్లతో చూడంది రాయలేదు. గది కొలతలు, కాగితంలో ఉన్నది, లేనిది, అన్నీ లెక్కగా ముందుపెట్టి, ఇది మీ ముద్రతో జరిగింది, మీరే జవాబు చెప్పాలి అన్నారు. జీతం స్లిప్పులు, ఒప్పందం కాపీ, అకామా ఫోటో జాగ్రత్త పెట్టుకోండని మన వేదిక పదేపదే పోరుపెట్టేది అందుకే.

ఈసారి ఊరి నుంచి తమ్ముడో బావమరిదో వస్తానని ఫోన్ చేస్తే, సంతకం పెట్టకముందే ఆ కాగితం ఫోటో తీసి పంపమనండి. శుక్రవారం తీసుకుని రండి. అందులో ఏముందో, ఏం లేదో అందరం కూర్చుని చదువుదాం.