స్వరాలలో స్వదేశం

ఐరోపా ఖండంలో బాల్టిక్ సముద్రపు ఒడ్డున ఎస్టోనియా అనే చిన్న దేశం ఉంది. ఎస్టోనియన్ భాష మాట్లాడేవారు సుమారు 10 లక్షల మంది. అయినా పాట అంటే ఆ జాతికి ప్రాణం. వేలాది మంది ఒకచోట చేరి పాడే గానోత్సవాలు అక్కడ 1869లోనే మొదలయ్యాయి. అటువంటి జాతిలో పుట్టి, జీవితంలో దాదాపు సగభాగం పరాయిదేశంలో గడిపి, తన ప్రజల బాణీలను ప్రపంచానికి వినిపించిన మహనీయుడు ఎడ్వర్డ్ టూబిన్.

టూబిన్ 1905 జూన్ 18న తొరిలా అనే పల్లెలో జన్మించాడు. అప్పట్లో ఎస్టోనియా రష్యా సామ్రాజ్యంలో భాగం. తండ్రి బట్టలు కుట్టేవాడు, చేపలు పట్టేవాడు. పేద కుటుంబమే అయినా ఆ ఇంట్లో సంగీతానికి లోటు లేదు. అన్న చిన్నవయసులోనే చనిపోగా అతని వేణువు తమ్ముడికి దక్కింది. కొడుకు ఆసక్తిని గమనించిన తండ్రి ఒక దూడను ఇచ్చి, బదులుగా చిన్న పియానో తెచ్చాడు. రైతుకుటుంబానికి దూడ ఎంత విలువైనదో ఊహిస్తే ఆ తండ్రి మనసు మనకు అర్థమవుతుంది.

టూబిన్ తార్తు నగరంలో ఉపాధ్యాయ శిక్షణ పొందాడు. అక్కడే హెయినో ఎల్లెర్ అనే ప్రసిద్ధ గురువు వద్ద స్వరరచన అభ్యసించాడు. కొంతకాలం బడిపంతులుగా పనిచేసి, తరువాత తార్తులోని వనెముయినె నాటకశాలలో వాద్యబృంద నిర్వాహకుడయ్యాడు. 1938లో హంగరీ వెళ్ళి, జానపద గీతాల సేకరణలో పేరుగాంచిన కొదాయ్‌ను కలుసుకున్నాడు. ఆ సంవత్సరమే హీయుమా ద్వీపానికి వెళ్ళి పల్లె ప్రజల బాణీలను సేకరించాడు.

అటువంటి బాణీల ఆధారంగానే ఆయన ‘క్రట్’ అనే నృత్యరూపకానికి సంగీతం సమకూర్చాడు. దీనికి కథ రాసినది ఆయన భార్య ఎల్‌ఫ్రీడె సారిక్. క్రట్ అంటే ఎస్టోనియా జానపద కథలలోని ఒక వింతజీవి. అది యజమానికి ఎక్కడెక్కడి సంపదనో దొంగిలించి తెస్తుంది. అత్యాశపరుడైన యజమాని చివరకు దాని చేతిలోనే ప్రాణం కోల్పోతాడు. 1943లో తార్తులో మొదటిసారి ప్రదర్శించిన ఈ రూపకం ఎస్టోనియన్ల తొలి బ్యాలేగా ప్రసిద్ధి పొందింది.

అవి రెండవ ప్రపంచయుద్ధపు రోజులు. 1918లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఎస్టోనియాను 1940లో సోవియట్ యూనియన్, 1941లో జర్మనీ ఆక్రమించాయి. 1944 మార్చి 9 రాత్రి తాలిన్ నగరంలోని ఎస్టోనియా నాటకశాలలో ‘క్రట్’ ప్రదర్శన జరుగుతుండగా సోవియట్ విమానాలు బాంబులు కురిపించాయి. నాటకశాల కాలిపోయింది. ఆ సెప్టెంబరులో సోవియట్ సేనలు తిరిగి వస్తుండగా, వేలాది మందితోపాటు టూబిన్ కూడా కుటుంబంతో సముద్రం దాటి స్వీడన్ చేరాడు.

స్టాక్‌హోమ్‌లో ఆయన శరణార్థి. ద్రొట్నింగ్‌హోల్మ్ రాజాస్థాన నాటకశాలలో పాత సంగీత ప్రతులను సరిచేసే ఉద్యోగం దొరికింది. 1945 నుండి 1972 వరకు ఆ పని చేస్తూనే తన రచన సాగించాడు. స్టాక్‌హోమ్‌లోని ఎస్టోనియన్ పురుషుల గాయకబృందానికి అనేక సంవత్సరాలు నాయకత్వం వహించాడు. భాష మారిన చోట పాట అయినా మారకూడదని ఆ ప్రవాసుల తపన.

పెద్ద వాద్యబృందం కోసం అనేక భాగాలుగా రచించే సుదీర్ఘ కృతిని సింఫనీ అంటారు. టూబిన్ అటువంటివి పది పూర్తిచేశాడు. పదకొండవది అసంపూర్తిగా మిగిలింది. స్వీడన్‌లో 1946లో రచించిన అయిదవ సింఫనీలో మాతృదేశపు జానపద బాణీ వినిపిస్తుంది. మరణించిన సైనికుల స్మృతికై 1950లో ప్రారంభించిన కృతిని 1979లో గాని ముగించలేకపోయాడు.

1961లో ఆయన మొదటిసారి స్వదేశాన్ని దర్శించాడు. సోవియట్ పాలనలో ఉన్న గడ్డపై అడుగుపెట్టడం కొందరు ప్రవాసులకు నచ్చలేదు. అయినా తన సంగీతం తన ప్రజలకు చేరాలని ఆయన కోరిక. 1969లో ఆయన సంగీతరూపకం ‘బార్బరా ఫాన్ టీజెన్‌హూసెన్’ తాలిన్‌లో ప్రదర్శితమైంది. 1944లో కాలిపోయి, తిరిగి నిర్మించబడిన ఆ నాటకశాలే దానికి వేదిక అయింది.

స్వీడన్‌లో చాలాకాలం ఆయనకు తగిన గుర్తింపు రాలేదు. 1980లో ఎస్టోనియా విడిచి వెళ్ళిన నిర్వాహకుడు నేమె యార్వి ఆ సింఫనీలను దేశదేశాల్లో వినిపించాడు. 1982లో స్వీడన్ రాజసంగీత అకాడమీ టూబిన్‌ను సభ్యునిగా ఎన్నుకుంది. ఆ ఏడాది నవంబరు 17న ఆయన స్టాక్‌హోమ్‌లో కన్నుమూశాడు.

1991లో ఎస్టోనియా తిరిగి స్వతంత్రమైంది. 2005లో, ఆయన శతజయంతి సంవత్సరంలో, తార్తులో ఆయన విగ్రహాన్ని నెలకొల్పారు. 2018లో ఆయన అస్థికలు స్వదేశానికి చేరాయి. కాని ఆయన పాట అంతకు ఎన్నో ఏళ్ళ ముందే ఇల్లు చేరింది. పుట్టిన ఊరు దూరమైనా, తల్లి నేర్పిన పలుకును, పాటను నిలుపుకొన్నవాడు తనవారికి ఎన్నటికీ పరాయివాడు కాడు.