అప్పు లెక్క అడిగిన దొర మెట్‌కాఫ్

ఈ గోడపత్రికలో నేను చార్లెస్ మెట్‌కాఫ్ జీవితం రాస్తున్నాను. ఆయన ఇంగ్లీషు దొర. దొర మనకెందుకని అంటారేమో, చివరిదాకా చదవండి.

ఆయన 1785లో కలకత్తాలో పుట్టాడు. చిన్న వయసులోనే ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరాడు. గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ దగ్గర కార్యదర్శిగా పనిచేసి, 1820లో హైదరాబాదుకు రెసిడెంటుగా వచ్చాడు. కోఠిలో ఆయన ఆఫీసు ఉన్న బంగళాలో తర్వాత ఆడపిల్లల కాలేజీ పెట్టారు.

అప్పుడు నిజాం సర్కారు పని చందూలాల్ నడిపేవాడు. పామర్ కంపెనీ అనే షావుకారు కంపెనీ సర్కారుకు అప్పులిచ్చేది. తెల్లవాళ్ళు రాజులకు అప్పు ఇవ్వొద్దని చట్టం ఉండె. అయినా 1816లో హేస్టింగ్స్ ఈ కంపెనీకి అనుమతి ఇచ్చాడు. అందులో వాటాదారు రంబోల్డ్, హేస్టింగ్స్ పెంచిన అమ్మాయికి భర్త.

మెట్‌కాఫ్ లెక్కలు చూసిండు. 60 లక్షల అప్పులో 8 లక్షలు వాటాదార్లు తమ ఇనాముగానే రాసుకున్నారు. ఆ భారమంతా పన్ను కట్టే పల్లెల మీదే పడుతుంది. ఆయన ఊకోక కలకత్తాకు ఉత్తరాలు రాసిండు. తక్కువ వడ్డీకి వేరే అప్పు తెచ్చి ఇది తీర్చాలన్నాడు. పెద్దమనిషి హేస్టింగ్స్‌కు కోపం వచ్చింది. అయినా మెట్‌కాఫ్ లెక్క మార్చలేదు. చివరికి లండన్ డైరెక్టర్లు పామర్ వ్యాపారాన్ని తప్పుబట్టారు. 1824లో ఆ కంపెనీ దివాలా తీసింది.

కానీ ఒక మాట. ఆ అప్పు తీర్చింది ఇంగ్లీషువాళ్ళు ఊరికే కాదు. ఉత్తర సర్కారుల కోసం నిజాంకు ఏటా కట్టాల్సిన 7 లక్షలు ఇక కట్టకుండా చేసుకున్నారు.

1835లో ఆయన తాత్కాలిక గవర్నర్ జనరల్‌గా పత్రికలకు స్వేచ్ఛ ఇచ్చాడు. దానికి కూడా పైవాళ్ళ కోపం పడ్డాడు. 1846లో చనిపోయాడు.

మా తండా శంషాబాదు ఏర్పోర్టుకు అవతల ఉంది. తలమీదుగా విమానాలు పోతాయి. మా ఇంట్లో మాత్రం ఇంకా వేలిముద్రలే. దసరా సెలవుల్లో మా నాయన అప్పుకాగితం నేను చదివిన. పదివేలు అని ఉంది. మొదటి నెల మిత్తి పట్టుకొని చేతికి తొమ్మిదివేల ఏడు వందలే ఇచ్చిండ్రు. నేను అడిగితే ఇచ్చినాయనకు కోపమొచ్చింది. రేపు విత్తనాలకు ఎవరిస్తరని నాయన నన్నే తిట్టిండు. నాకు ఏడుపొచ్చింది. కానీ ఆ కాగితం నా నోటుబుక్కులో రాసిపెట్టుకున్న.

చెల్లెళ్ళారా, ఇంటికి పోయినప్పుడు మీరు కూడా కాగితం చదవండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని