రోటరీ సంఘస్థాపకుడు పాల్ హారిస్

మన హిందూపురము, పెనుకొండ, ధర్మవరము వంటి పట్టణములలో సేవాసంఘములవారు కంటివైద్య శిబిరములు నడుపుటయు, రక్తదానము చేయించుటయు, పేదబాలురకు పుస్తకములు పంచుటయు మీరెరుగుదురు. పల్స్ పోలియో దినములలో పండ్లుగల చక్రమొకటి గుర్తుగా నుండుటను గూడ చూచియుందురు. అది రోటరీ సంఘపు గుర్తు. ఇట్టి సంఘములలో మిక్కిలి ప్రాచీనమైన ఆ సంఘమును స్థాపించిన పాల్ హారిస్ ధనవంతుడై పుట్టినవాడు కాడు. బాల్యమున బుద్ధిమంతుడని పేరుపొందినవాడును కాడు. ఒంటరితనమునకు తాళలేక స్నేహితులను వెదకికొనిన సామాన్యుడు. తనకొరకై ఆయన ప్రారంభించిన పని పరులకొరకైన పనిగా ఎట్లు మారెనో ఈ చరిత్రమువలన తెలియగలదు.

ఆయన 1868వ సంవత్సరము ఏప్రిల్ 19వ తేదీన అమెరికా దేశమున విస్కాన్సిన్ రాష్ట్రమందలి రాసీన్ పట్టణమున జన్మించెను. తండ్రి వర్తకమున నష్టపోయి సంసారమును నడుపజాలకపోయెను. అందుచే మూడేండ్ల పాల్‌ను, ఐదేండ్ల అన్నను వెంటబెట్టుకొని, వర్మాంట్ రాష్ట్రమందలి వాలింగ్‌ఫర్డ్ అను పల్లెకు పోయి తన తల్లిదండ్రుల కప్పగించెను. ఆ విధముగా పాల్ కొండలనడుమ నున్న ఆ పల్లెలో అవ్వతాతల పోషణమున పెరిగెను. తాత మితభాషి, కష్టజీవి. తన మనుమడు చదువుకొని గౌరవముగా బ్రతుకవలెనని ఆయన కోరిక.

కాని బాలుడు మిగుల అల్లరివాడు. వర్మాంట్ విశ్వవిద్యాలయమున చదువుచుండగా 1886లో మరికొందరితోపాటు బహిష్కరింపబడెను. తరువాత ప్రిన్స్‌టన్‌లో చేరెను గాని, 1888లో తాత మరణించుటచే ఆ చదువును మధ్యలోనే ఆగిపోయెను. మనుమడు ప్రయోజకుడగుటను ఆ వృద్ధుడు కన్నులార చూడలేదు. పాల్ ఈ దుఃఖమును జీవితాంతము మరువలేదు. చలువరాతి వర్తకశాలలో కొంతకాలము చిన్న ఉద్యోగము చేసి, పిమ్మట అయోవా విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదివి 1891లో పట్టము పొందెను. చాలకాలము గడచిన పిదప, తన్ను వెళ్లగొట్టిన వర్మాంట్ విశ్వవిద్యాలయమే ఆయనకు గౌరవపట్టము నొసగెను.

పట్టము పొందిన వెంటనే ఆయన వకీలుపని ప్రారంభింపలేదు. ఐదేండ్లపాటు లోకమును చూడవలెనని నిశ్చయించుకొని బయలుదేరెను. ఒకచోట పత్రికా విలేఖరి, ఒకచోట ఉపాధ్యాయుడు, ఒకచోట నాటకములలో నటుడు, మరియొకచోట పశువుల కాపరి, ఇంకొకచోట పూటకూటియింట రాత్రి గుమాస్తా. పశువులను ఇంగ్లండునకు చేరవేయు ఓడలో పనివాడై సముద్రము దాటి, ఆ ఓడలోని నీచమైన తిండిని తిని, మురికిలో పరుండెను. కూలివాని కష్టమును పుస్తకములో చదివి కాక, తన వీపుమీద మోసి తెలిసికొనెను.

1896లో షికాగో నగరము చేరి వకీలుపని మొదలుపెట్టెను. పని నిలద్రొక్కుకొనెను గాని మనస్సు నిలువలేదు. లక్షలాది జనులుగల ఆ మహానగరములో కక్షిదారులు గలరు, పరిచితులు గలరు, స్నేహితుడు మాత్రము లేడు. ఆదివారములు గడచుటయే కష్టముగా నుండెను. ఒక్కొక్క వారము ఒక్కొక్క దేవాలయమునకు పోయి ఆరాధనలో కూర్చుండెడివాడు. ఆరాధన ముగియగానే మరల ఒంటరిగా గదికి చేరెడివాడు. 1900వ సంవత్సరమున ఒకనాటి సాయంకాలము తోటివకీలు ఒకరు ఆయనను భోజనమునకు పిలిచి, పిదప తన పేటలో నడిపించుకొని పోవుచు దారిలోని దుకాణదారులను పేరుపేరున పలుకరించెను. మహానగరములో నొక పల్లెను చూచినట్లయ్యెను పాల్‌కు. వాలింగ్‌ఫర్డ్ జ్ఞాపకము వచ్చెను. ఆ సాయంకాలమే ఆయన మనస్సులో విత్తనము పడెను. అది మొలచుటకు ఐదేండ్లు పట్టెను.

1905వ సంవత్సరము ఫిబ్రవరి 23వ తేదీ రాత్రి షికాగోలో ఒక కార్యాలయమున నలుగురు సమావేశమైరి. బొగ్గు వర్తకుడు సిల్వెస్టర్ షీలీ, గనుల ఇంజనీరు గస్టావస్ లోర్, దర్జీ వర్తకుడు హైరమ్ షోరీ, నాలుగవవాడు పాల్ హారిస్. ఆ కార్యాలయము లోర్‌ది. వంతులవారీగా ఒక్కొక్కరి పనిచోట కూడుచుండిరి గనుక తిరుగునది అను అర్థముతో రోటరీ అని పేరిడిరి. ఆలోచన తనదైనను పాల్ మొదటి అధ్యక్షపీఠమును తాను కోరలేదు, షీలీని కూర్చుండబెట్టెను.

ఇచట ఒక సత్యమును దాచరాదు. ఆరంభములో ఈ సంఘము పరోపకారమునకై ఏర్పడినది కాదు. సభ్యులు స్నేహముగా నుండుటయు, ఒకరి వ్యాపారమునకు మరియొకరు తోడ్పడుటయు మాత్రమే దాని ఉద్దేశము. 1906లో డొనాల్డ్ కార్టర్ అను వకీలును చేరుమని పిలువగా, తన సభ్యులకు తప్ప ఊరికి ఏ మేలును చేయని సంఘము నిలువదని చెప్పి ఆయన నిరాకరించెను. ఆ మాటకు కోపగింపక, లోపలికి వచ్చి దానిని సరిచేయుమని వారు ఆయననే కోరిరి. ఆయన చేరెను. నగరమునకు మేలుచేయుటయు సంఘోద్దేశములలో చేర్పబడెను. నిరాకరించిన ఒక్క మనుష్యుని మాటను విన్నందున ఆ సంఘము బ్రదికినది.

వారు చేపట్టిన మొదటి ప్రజాకార్యమేదని తలంతురు? విగ్రహము కాదు, గోపురము కాదు. వీధులలో తిరుగు జనులకు మరుగుదొడ్లు. ఆ దినములలో షికాగో వ్యాపారవీధులలో నడచువానికి అక్కర కలిగినచో సారాయి దుకాణములో దూరవలెను, లేదా పెద్ద అంగడిలోనికి పోవలెను. స్త్రీలకు సారాయి దుకాణము తగునా? 1907లో పాల్ హారిస్ ఇతర సంఘములను కూడగట్టి నగరపాలకులను అడుగనారంభించెను. సారాయి వర్తకులును, అంగళ్లవారును తమ బేరము తగ్గునని ఎదురాడిరి. రెండేండ్లు పట్టుదలతో పనిచేసిన పిదప 1909లో ఆ కట్టడము తెరువబడెను.

ఇది చిన్నపని యని నవ్వకుడు. హిందూపురము సంతకుగాని, ధర్మవరమున పట్టుచీరలు కొనుటకుగాని పల్లెనుండి వచ్చిన స్త్రీ, దినమంతయు నీళ్లు త్రాగుటకు భయపడి ఎట్లుండునో మీ అవ్వల నడుగుడు. కీర్తినిచ్చు పనులను పదిమంది చేయుదురు. చెప్పుకొనుటకు సిగ్గుపడు అక్కరను కనిపెట్టి తీర్చువాడు అరుదు. మంచి సమరయుని కథలో దారిప్రక్కకు పోయి వంగినవాడు అట్టివాడే.

1908లో సాన్‌ఫ్రాన్సిస్కోలో రెండవ సంఘము వెలసెను. 1910 నాటికి 16 సంఘములు కూడి పాల్‌ను జాతీయాధ్యక్షునిగా ఎన్నుకొనెను. ఆ సంవత్సరమే స్కాట్లండు దేశస్థురాలైన జీన్ థామ్సన్‌ను వివాహమాడెను. వారికి సంతానము కలుగలేదు. 1912లో ఆయన పదవిని విడిచి ఇతరులకు చోటిచ్చెను. సంఘము సముద్రములు దాటి 1919లో కలకత్తాకును, 1929లో చెన్నపట్టణమునకును వచ్చెను. వృద్ధాప్యమున పాల్ పలుదేశములు తిరిగి, పోయినచోటనెల్ల స్నేహమునకు గుర్తుగా ఒక చెట్టు నాటెను.

1947వ సంవత్సరము జనవరి 27వ తేదీన షికాగోలో ఆయన కాలధర్మము నొందెను. తన సమాధిమీద పూలు వద్దనియు, ఆ ధనమును రోటరీ ధర్మనిధికి ఇయ్యవలెననియు ముందే కోరియుండెను. 1918లో 26 డాలర్ల 50 సెంట్లు అను మొదటి చందాతో నడువనారంభించిన ఆ నిధికి లోకమంతటినుండి ధనము వచ్చి చేరెను. ఆ సంవత్సరమే 18 మంది విద్యార్థులు దానివలన పరదేశములలో చదువుకొనిరి. అల్లరిచేసి బహిష్కృతుడైన బాలుని మరణము పదునెనిమిదిమందికి చదువైనది.

సంఘమునకు లోపములు లేకపోలేదు. 1989 వరకు స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనుటకు దాని నియమము లొప్పలేదు. అయినను తప్పు దిద్దుకొను అలవాటు కార్టరు నాటినుండి దానికున్నది. 1985లో పోలియోను నిర్మూలింప పూనుకొని, ప్రభుత్వములతోను ఇతర సంస్థలతోను కలిసి పాటుపడెను. మన దేశమున కడపటి పోలియో రోగి 2011 జనవరిలో కనబడెను. 2014 మార్చి 27న మన దేశము పోలియోరహితమని నిర్ణయింపబడెను. మీ తాతలకాలమున ప్రతి ఊరను కనబడిన కుంటుబిడ్డలు నేడు మీ తరగతులలో లేకపోవుటకు ఇట్టి అనేకుల శ్రమయే కారణము.

బాలబాలికలారా! ఈ యేడు పల్లెనుండి క్రొత్తగా వచ్చి మన పాఠశాలలో ఎవ్వరితోను మాటలాడక గోడప్రక్కన నిలుచుండు పిల్లవాడు ఒకడైన నుండును. షికాగోలో ఆదివారమునాడు ఒంటరిగా గదికి మరలిన పాల్ హారిస్ అట్టివాడే. అతనిని పేరుపెట్టి పిలుచుటకు సంఘము అక్కరలేదు, చందా అక్కరలేదు. సేవ అచ్చట ప్రారంభమగును. ఎవ్వరును చూడని అక్కరను చూడగల కన్నులను దేవుడు మనకందరికి అనుగ్రహించునుగాక.