కోడి కాలిలో డైనోసార్ జాడ చూసిన థామస్ హక్స్‌లీ

పెరట్లో తిరిగే కోడి కాలును ఎప్పుడైనా దగ్గరగా చూశారా? పైన పొలుసులు, ముందుకు మూడు వేళ్లు, వెనక్కి ఒకటి. ఈ కోడికీ, మనం రాక్షసబల్లులు అని పిలిచే డైనోసార్లకూ చుట్టరికం ఉందని ఎముకలు పోల్చి వాదించిన తొలి శాస్త్రవేత్తల్లో థామస్ హెన్రీ హక్స్‌లీ ముఖ్యుడు.

ఆయన 1825 మే 4న ఇంగ్లండులోని ఈలింగ్‌లో పుట్టాడు. తండ్రి లెక్కల మాస్టారే అయినా, హక్స్‌లీ బడికి వెళ్లింది సుమారు రెండేళ్లే. మిగతాదంతా సొంతంగా చదువుకున్నదే. జర్మన్ భాష కూడా తనంతట తానే నేర్చుకున్నాడు. తర్వాత లండన్‌లో వైద్యం చదివి, 1846లో ర్యాటిల్‌స్నేక్ అనే నౌకలో సహాయ వైద్యుడిగా ఆస్ట్రేలియా వైపు బయల్దేరాడు. దారిలో జెల్లీచేపల వంటి సముద్రజీవులను కోసి చూసి, వ్యాసాలు రాసి లండన్‌కు పంపాడు. వాటి బలంతోనే 1851లో, 26 ఏళ్లకే రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. అయినా స్థిరమైన ఉద్యోగం 1854 దాకా దొరకలేదు. సిడ్నీలో మనసిచ్చిన హెన్రియెట్టాను పెళ్లాడటానికి 1855 వరకు ఆగాల్సి వచ్చింది.

1861లో జర్మనీలోని బవేరియా సున్నపురాళ్లలో ఆర్కియోప్టెరిక్స్ శిలాజం బయటపడింది. దానికి పక్షిలాగా ఈకలున్నాయి, బల్లిలాగా పొడవాటి ఎముకల తోక ఉంది. అదే ప్రాంతంలో కోడి అంత ఉండే కాంప్సోగ్నాథస్ అనే చిన్న డైనోసార్ కూడా దొరికింది. హక్స్‌లీ వీటిని, పెద్ద డైనోసార్ల తుంటి, కాలి ఎముకలను పక్షుల ఎముకలతో పోల్చి చూశాడు. సరీసృపాల నుంచి పక్షులు ఎలా వచ్చి ఉంటాయో డైనోసార్లు చూపిస్తున్నాయని 1868లో ప్రకటించాడు.

అందరూ ఒప్పుకోలేదు. రెండు కాళ్లమీద నడిచే జంతువుల కాళ్లు ఒకేలా ఉండటంలో వింతేముంది అన్నారు కొందరు. డైనోసార్లకు మెడ ఎముకలు లేవు కాబట్టి పక్షులు వాటి నుంచి రాలేదని 1926లో హైల్‌మన్ పుస్తకం తేల్చేసింది. దాంతో హక్స్‌లీ మాట దాదాపు యాభై ఏళ్లు మూలపడింది.

ఇంకో సంగతి చూడండి. అదే 1868లో, సముద్రం అడుగు బురదలో ఒక ఆదిమ జీవపదార్థం కనిపెట్టానని కూడా హక్స్‌లీ ప్రకటించాడు. అది జీవి కాదనీ, సముద్రపు నీటిలో ఆల్కహాల్ కలపడం వల్ల ఏర్పడిన మడ్డి అనీ తర్వాత తేలింది. 1875లో ఆయన తన తప్పును బహిరంగంగా ఒప్పుకున్నాడు. ఒకే ఏడాది చెప్పిన రెండు మాటల్లో ఒకటి వీగిపోయింది, ఒకటి నిలిచింది. రెండింటినీ తేల్చింది ఆయన పేరు కాదు, సాక్ష్యం.

ఆ ఏడాదే నార్విచ్‌లో కూలిపనులు చేసుకునే వాళ్ల ముందు నిలబడి, వడ్రంగి జేబులోని సుద్దముక్కతో భూమి కథంతా వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పాడు. 1870లో లండన్ స్కూల్ బోర్డుకు ఎన్నికై, బడుల్లో సైన్సు, బొమ్మలు గీయడం, సంగీతం, వ్యాయామం ఉండాలని పట్టుబట్టాడు. సైన్సు తెలుగులో వస్తుందా అని అడిగే తల్లిదండ్రులకు నేను ఈ సుద్దముక్క సంగతే చెబుతాను. అర్థమయ్యే భాషలో చెబితేనే సైన్సు బుర్రకెక్కుతుంది.

హక్స్‌లీ 1895 జూన్ 29న కన్నుమూశాడు. 1970లలో జాన్ ఆస్ట్రం డైనానికస్ ఎముకలతో ఆ పాత వాదానికి మళ్లీ ప్రాణం పోశాడు. లేవన్న మెడ ఎముకలు చాలా డైనోసార్లలో దొరికాయి. 1996లో చైనాలో ఈకల వంటి నూగు ఉన్న డైనోసార్ శిలాజమే బయటపడింది.

ఈసారి ఇంట్లో కోడికూర వండితే, రొమ్ము దగ్గర పంగలకర్రలా ఉండే ఎముకను వెతకండి పిల్లలూ. అంత పెద్ద వాదం నడిచిన మెడ ఎముక అదే. శుభ్రంగా కడిగి బడికి తీసుకురండి, కలిసి చూద్దాం.