నటీమణి బెట్టీ డేవిస్

ఇట్టి సంచికలయందు దాతలయొక్కయు విద్వాంసులయొక్కయు చరిత్రములు ప్రకటించుట పరిపాటి. నే నీ యేఁడు దూరదేశపు నటి యొకతె చరిత్రమును వ్రాయఁబూనితిని. నటి యనఁగనే మొగము ముడుచుకొను పెద్దలు మనలో నింకను గలరు. వారు దీనిని సాంతముగాఁ జదివి పిదపఁ దీర్పు చెప్పుదురు గాక.

బెట్టీ డేవిస్ అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున లోవెల్ పట్టణమునందు 1908 ఏప్రిల్ 5వ తేదీని జన్మించెను. తండ్రి న్యాయవాది. 1915లో తలిదండ్రులు వేఱుపడఁగా, తల్లి ఛాయాచిత్రములు తీయు వృత్తి నవలంబించి యిరువురు కూఁతుండ్రను బెంచెను. ఆ తల్లి కష్టమే బిడ్డకుఁ బ్రథమపాఠము. బెట్టీ న్యూయార్కులో నభినయవిద్య నభ్యసించి, 1929లో బ్రాడ్వే రంగస్థల మెక్కి, 1930లో హాలివుడ్డు చేరెను. అచట నీమె రూపమును జూచి పెదవి విఱిచినవారే మెండు.

భరతముని చతుర్విధాభినయములను జెప్పెను. చలనచిత్రవ్యాపారు లాహార్యమునే, అనఁగా వేషభూషణములనే, పెద్దగా నెంచుచుండ నీమె సాత్త్వికము నాశ్రయించెను. 1934లో ‘ఆఫ్ హ్యూమన్ బాండేజ్’ చిత్రమునందు దుష్టస్త్రీ పాత్రను ధరించి, వ్యాధిచేఁ జెడిన మొగమును దాఁచక చూపెను. మఱుసటి యేఁడు ‘డేంజరస్’ చిత్రమున మద్యపానముచే భ్రష్టురాలైన రంగస్థలనటిగా నటించి అకాడమీ పురస్కారమును బడసెను.

అయినను వార్నర్ సంస్థవా రామెకు సారములేని పాత్రలనే యిచ్చుచుండిరి. ఆమె తిరస్కరించి 1936లో ఇంగ్లండునకుఁ బోయి యన్యులకుఁ బనిచేయఁబూనెను. సంస్థవారు లండను న్యాయస్థానమున వ్యాజ్యెము వేసి గెలిచిరి. ఆ తీర్పును మన న్యాయశాస్త్ర విద్యార్థులు నేఁటికిని జదువుచున్నారు. ఓడి తిరిగివచ్చిన యామెకు మంచి పాత్రలు లభించుట విచిత్రము! 1938లోని ‘జెజిబెల్’ చిత్రమునకు రెండవ పురస్కారము వచ్చెను. 1941లో అకాడమీకి అధ్యక్షురాలైన మొదటి స్త్రీ యయ్యెను. తన మాట చెల్లకపోఁగాఁ గొలఁదికాలములోనే యా పదవిని విడిచెను. యుద్ధకాలమున 1942లో, జాన్ గార్ఫీల్డుతోఁ గూడి, సైనికులకు ఉచితముగా భోజనవినోదముల నొసఁగు ‘హాలివుడ్ క్యాంటీను’ను స్థాపించెను.

1949లో వార్నర్ సంస్థతో సంబంధము తెగెను. వయస్సు నలువది దాఁటెను. ఇఁక నీమె పని ముగిసెనని పలువురు తలఁచిరి. అంతట ‘ఆల్ అబౌట్ ఈవ్’ చిత్రమునకు నిర్ణయింపఁబడిన క్లాడెట్ కోల్బర్టుకు నడుము దెబ్బతినఁగా, దర్శకుఁడు మాంకివిట్జ్ ఈమెను బిలిపించెను. అందలి మార్గో చానింగ్ మహానటి, ముక్కోపి, పరుషభాషిణి, నలువదవయేఁట నింకను బడుచుపాత్రలు ధరించుచు వార్ధక్యమునకు భయపడునది. సేవ చేయు నెపమునఁ జేరిన ఈవ్ అను పడుచు మెల్లమెల్లగా నామె స్థానమునే యపహరింపఁజూచును. మార్గో కోపము వెనుక నున్న భీతిని డేవిస్ తన కన్నులతోనే చెప్పెను. 1950లో వెలువడిన యా చిత్రము పదునాలుగు పురస్కారములకుఁ బేర్కొనఁబడి యాఱింటిని గెలుచుకొనెను. ఉత్తమనటి బహుమానము మాత్ర మీమెకు దక్కలేదు. కాని నేఁడు లోకము స్మరించునది మార్గోనే గదా!

తరువాతి దినములు సుఖప్రదములు గావు. నాలుగు వివాహములును నిలువలేదు. 1962లో, హాస్యమునకే యైనను, పని కావలెనని పత్రికలోఁ బ్రకటన వేయించెను; ఆ యేఁడే ‘బేబీ జేన్’ చిత్రమున వికృతవృద్ధవేషము ధరించి మరల నందఱ మెప్పును బొందెను. 1985లోఁ గన్నకూఁతురే తన్ను దూషించుచు గ్రంథము వ్రాసెను. అంతకు ముందే స్తనమునఁ బుట్టిన పుట్టకురుపునకు శస్త్రచికిత్సయు, పక్షవాతమును సంభవించినను, 1987లో ‘వేల్స్ ఆఫ్ ఆగస్ట్’ చిత్రమున నటించెను. 1989 అక్టోబరు 6వ తేదీని ఫ్రాన్సుదేశమున దివంగత యయ్యెను.

ఈమె స్వభావము మృదువు గాదు. గృహమున శాంతియు లేదు. ఆ దోషములను గప్పిపుచ్చుట చరిత్రకారుని ధర్మము గాదు. కాని పురుషునియందు దీక్ష యని కొనియాడు గుణమునే స్త్రీయందుఁ బొగరని నిందించుట న్యాయమా? మన యింటి బాలికలలో నొకతె తన విద్యకుఁ దగిన పని కావలెనని పట్టుపట్టినపుడు, ఆమె నోరు మూయించుటకు ముందు పెద్దలీ చరిత్రము నొక్కసారి తలఁతురు గాక.