దూడ నేర్పిన కుట్టు
సర్జన్ జోసెఫ్ లిస్టర్ (1827–1912) పేరు మీరు విన్నదే. రైతుబిడ్డనైన నాకాయన పశువుల మూలాన దగ్గరయ్యాడు.

ఇంగ్లండులో కార్లైల్ పట్టణపు మురుగునీటికి కార్బాలిక్ ఆమ్లం కలిపితే, ఆ నీరు పారిన పొలాల్లో మేసే పశువులకు జబ్బు తగ్గిందని విన్నాడు. 1865లో గ్లాస్గోలో, బండిచక్రం కింద కాలు విరిగిన 11 ఏళ్ళ కుర్రాడి గాయానికి అదే వేశాడు. అలాంటి కాళ్ళు తీసేసే రోజులవి. వాడి గాయం చీము పట్టలేదు, ఎముక అతుక్కుంది.

రక్తనాళాలు కట్టే పట్టుదారంతోనూ చీము పట్టేది. 1868 డిసెంబరులో గొర్రెపేగు దారాన్ని కార్బాలిక్‌లో నానబెట్టి ఒక దూడ మెడలోని రక్తనాళానికి కట్టాడు. నెల తర్వాత చూస్తే, దారమున్న చోట కొత్త కండ! ఈనాడు ట్రైక్లోసాన్ పూసి వస్తున్న కుట్టుదారాలకు మూలం అదే.

తార్నాక బస్‌స్టాపులో చెబితే మిత్రులు అబ్బురపడ్డారు. మా నాన్నకు మాత్రం చెప్పలేదు. ఆ దూడను కోసే చూశారు మరి.