బాటసారుల రాజు షేర్షా

గ్రూప్స్‌కు చదివే మిత్రులకు షేర్షా అంటే ఒక బిట్టు. గ్రాండ్ ట్రంక్ రోడ్డు వేయించినదెవరు? జవాబు షేర్షా. టిక్కు పెట్టి ముందుకు పోతాం. ఆ బిట్టు వెనక ఉన్న మనిషి గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

అసలు పేరు ఫరీద్. తాత గుర్రాల వ్యాపారి. తండ్రి హసన్ ఖాన్ బీహారులోని ససారాం జాగీర్దారు. సవతి తల్లి పోరు, తండ్రి నిరాదరణ భరించలేక ఫరీద్ ఇల్లు విడిచి జౌన్‌పూర్ వెళ్లి చదువుకున్నాడు. పరాయి ఊళ్లో చదువుకోవడం ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. తరువాత పులిని చంపి షేర్ ఖాన్ అయ్యాడు. 1539లో చౌసా దగ్గర, 1540లో కనౌజ్ దగ్గర హుమాయూన్‌ను ఓడించి ఢిల్లీ గద్దె ఎక్కాడు.

ఏలింది ఐదేళ్లే. మౌర్యుల కాలం నుంచీ ఉన్న పాత దారినే బెంగాల్లోని సోనార్‌గావ్ నుంచి సింధు నది దాకా బాగుచేయించాడు. కాబట్టి మన బిట్టు సగమే నిజం. ఇరువైపులా చెట్లు నాటించి, రెండేసి కోసులకు ఒక సరాయి కట్టించాడు. మొత్తం 1,700 అని చరిత్రకారులు రాశారు. సరాయి అంటే సత్రం. మంచం, భోజనం, గుర్రానికి దాణా, మధ్యలో బావి ఉండేవి. వేడినీళ్లు కూడా ఇచ్చేవారట, హాస్టల్ మిత్రులు గమనించగలరు! అయితే హిందువులకు వేరు, ముస్లింలకు వేరు ఏర్పాట్లు. హిందువుల సేవకు బ్రాహ్మణులను నియమించారు. అది చదివినప్పుడు, అన్ని కులాల వాళ్లం ఒకే బంతిలో కూర్చుని తినే మన డైనింగ్ హాలు నాకు ఆ సరాయి కంటే గొప్పగా కనిపించింది.

ఆ దారి పొడవునా కోసుకొకటి చొప్పున ఇటుక స్తంభాలుండేవి. వాటిని కోస్ మినార్లంటారు. కోసు అంటే దాదాపు మూడు కిలోమీటర్లు. మన పల్లెల్లో పెద్దవాళ్లు కోసెడు దూరం అనే మాట ఇదే. సుమారు 30 అడుగుల ఎత్తు, కింద ఎనిమిది పలకలు, పైన గుండ్రం. హర్యానాలో కర్నాల్, పానిపట్ వైపు పొలాల మధ్య, ఇళ్ల మధ్య ఇంకా నిలబడి ఉన్నాయి. ఒకటి ఢిల్లీ జూలో ఉంది. వీటిలో ఎక్కువ భాగం షేర్షావి కావు, తరువాతి మొఘలులు కట్టించినవి. ఆయన తరిమేసిన వంశమే ఆయన పద్ధతిని కొనసాగించిందన్నమాట.

1545లో కాలంజర్ కోట ముట్టడిలో మందుగుండు పేలి షేర్షా చనిపోయాడు. ససారాంలో చెరువు మధ్య ఆయన సమాధి ఉంది. తనను దూరం పెట్టిన తండ్రికి కూడా ఆ ఊళ్లోనే ఆయన సమాధి కట్టించాడు. గ్రాండ్ ట్రంక్ రోడ్డు ఇప్పటికీ ఆ ఊరి మీదుగానే పోతుంది.